బొమ్మ బాగుంటే కిడ్నీ బాగున్నట్లేనా?

ఈ మధ్య ఏ ఆదివారం అనుబంధం తెరిచినా, ఏ ఛానల్ పెట్టినా, ఎవరో ఒక ప్రముఖ శాస్త్రవేత్తతో ముఖాముఖి కనిపిస్తున్నది. విషయం తరచుగా ఒక్కటే: శరీరాన్ని కోయకుండా లోపలి బొమ్మ తీసే యంత్రాలు. కృత్రిమ మేధ వైద్యుడి కంటె ముందే రోగాన్ని పసిగడుతుందట. కొత్త స్కానరు ఆపాదమస్తకం ఒక్కసారే చూస్తుందట. అడిగేవారు ఆశ్చర్యపోతారు, చెప్పేవారు ఉత్సాహపడతారు. చదివినవారు మర్నాడు మా వంటివారి దగ్గరకు వచ్చి, "నాకు ఒళ్ళంతా ఒక స్కానింగు రాయండి" అంటారు. ఈ ముఖాముఖిల తీరుపై నాకు గట్టి అభ్యంతరం ఉన్నది. నా అభ్యంతరం శాస్త్రంపై కాదు, అడగవలసిన ప్రశ్న అడగకపోవడంపై.

ఆ శాస్త్రం పట్ల నాకు గౌరవమే ఉన్నది. 1895లో రాంట్జన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్న నాటినుండి వైద్యునికి మూడవ కన్ను వచ్చింది. సి.టి. స్కానుకు 1979లో, ఎం.ఆర్.ఐ.కి 2003లో నోబెల్ బహుమతులు దక్కాయి. సి.టి. బొమ్మను త్వరగా కూర్చే గణిత పద్ధతిని 1971లో మన జి.ఎన్. రామచంద్రన్, లక్ష్మీనారాయణన్ ప్రచురించారు. ఎం.ఆర్.ఐ.కి ఆధారమైన అణు అయస్కాంత అనునాదానికి సోదర శాస్త్రమొకటి ఉన్నది. దానిపై పరిశోధనకు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పునాది వేసినవారు ఆచార్య కోచర్లకోట రంగధామరావు గారు. ఈ విద్య మనకు పరాయిది కాదు. కనుకనే దానిని నిలదీసి అడిగే హక్కు కూడా మనకున్నది.

నేను సర్వీసులో ఉన్న రోజులలో ఉద్దానం కొబ్బరితోటల నుండి నలభై ఏళ్ళ రైతు ఒకరు నడుము నొప్పితో వచ్చారు. అప్పటికే అల్ట్రాసౌండ్ తీయించుకున్నారు. రెండు మూత్రపిండాలూ సాధారణ పరిమాణంలో ఉన్నట్లు, రాళ్ళు లేనట్లు అందులో రాసి ఉన్నది. "మీ కిడ్నీలకేమీ లేదు" అని ధైర్యం చెప్పి పంపాను. క్రియాటినిన్ పరీక్ష రాయలేదు. ఆయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నారు. రెండేళ్ళ తరువాత వాచిన కాళ్ళతో, ఆగని వాంతులతో అదే కవరు పట్టుకొని వచ్చారు. అప్పటికి డయాలసిస్ తప్ప దారి లేదు. "స్కానులో ఏటీ నేదన్నారు గదా బాబూ!" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. స్కానింగు రిపోర్టు అబద్ధమాడలేదు. తనను అడగని ప్రశ్నకు దానిచేత జవాబు చెప్పించినవాడిని నేను.

అల్ట్రాసౌండ్ మూత్రపిండం రూపాన్ని చూపుతుంది: పొడవెంత, రాయి ఉన్నదా, మూత్రమార్గం మూసుకుపోయి ఉబ్బిందా. వడపోత ఎంత జరుగుతున్నదో అది చెప్పదు. లోపలి కణజాలం మెల్లమెల్లగా గట్టిపడుతున్నా, తొలి దశలో బొమ్మ చక్కగానే ఉండవచ్చు. మూత్రపిండం కుంచించుకుపోయి, పైపొర పలచబడి, బొమ్మలో తేడా స్పష్టమయ్యేసరికి చాలామందిలో నష్టం పూరించలేని స్థాయికి చేరుతుంది. చెట్టు పచ్చగానే కనబడుతుంది, వేరు మాత్రం ఎండుతూ ఉంటుంది.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల కుటుంబాలకు ఈ వ్యాధి గురించి నేను చెప్పనక్కరలేదు. రెండు దశాబ్దాలకు పైగా అది వారి ఇంటి మాట. మధుమేహం, రక్తపోటు లేనివారిలోనూ వస్తున్నది. ఎందరో పరిశోధించినా కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి తాగునీటి పథకం వచ్చింది. ఇవి మేలు మాటలే. అయితే ఈ వ్యాధి తొలి దశలో మూత్రంలో ప్రొటీను కూడా అంతగా పోకపోవచ్చు. దానిని త్వరగా పట్టుకోవడం ఎంత కష్టమో దీనినిబట్టి ఊహించండి.

కనుక ఇకపై ముఖాముఖి చేసేవారు ఆ మహనీయులను నాలుగు ప్రశ్నలు అడగాలని నా కోరిక. మీ యంత్రం చూడలేనిది ఏది? మీ కృత్రిమ మేధ ఎవరి బొమ్మలు చూసి నేర్చుకున్నది, అందులో మా వంటి వారున్నారా? రోగం ముందే కనబడితే చికిత్స మారుతుందా, లేక భయమే ముందుగా వస్తుందా? అది గజపతినగరానికో సోంపేటకో ఎప్పుడు చేరుతుంది?

"నేటి విలాసమే రేపటి అవసరం, సి.టి. కూడా ఒకనాడు అలాంటిదే కదా" అని కొందరంటారు. నిజమే. ఛాతీ ఎక్స్‌రేలో క్షయను కంప్యూటరుతో గుర్తించే పద్ధతిని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రేడియాలజిస్టు లేని ఊరికి అది వరమే. మూత్రపిండంలో ప్రాణవాయువును, కణజాలపు బిగువును కొలిచే ఎం.ఆర్.ఐ., అల్ట్రాసౌండ్ పద్ధతులపైనా పరిశోధన సాగుతున్నది. అవి ఫలిస్తే మొదట సంతోషించేవాడిని నేనే. కాని రేపటి యంత్రాన్ని పొగిడే సందడిలో నేటి చవక పరీక్షను మరుగుపరచడం న్యాయం కాదు. పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి బొమ్మ కోసం నరంలోకి ఎక్కించే కొన్ని మందులే హాని చేయవచ్చు. పాత తరం గడోలినియం మందులకూ, చర్మం బిగుసుకుపోయే ఒక తీవ్ర వ్యాధికీ ఉన్న సంబంధం బయటపడింది 2006లోనే.

చదువరులకు నా విన్నపం ఇది. ఉద్దానంలో ఉంటున్నా, మీ కుటుంబంలో ఈ జబ్బు ఉన్నా, మధుమేహం లేదా రక్తపోటు ఉన్నా ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి. క్రియాటినిన్ అంకె ఒక్కటి చూసి తృప్తిపడకండి. వడపోత సగానికి పడిపోయేదాకా అది మామూలు హద్దులోనే ఉండవచ్చు. మీ వయసును బట్టి ఇ.జి.ఎఫ్.ఆర్. లెక్క కట్టించండి. అది మూడు నెలలకు పైగా 60కి తక్కువగా ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా భావించి వైద్యుని కలవండి. పాత కాగితాలు పారవేయకండి, ఏటేటా అంకె ఎటు పోతున్నదో వాటిలోనే తెలుస్తుంది. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి. సి.టి., ఎం.ఆర్.ఐ.లకు ముందు మీ కిడ్నీల సంగతి తప్పక చెప్పండి.

ఎవరైనా మీ స్కానింగు చూసి "ఏమీ లేదు" అంటే, "రక్తపరీక్ష కూడా చూశారా?" అని మర్యాదగా అడగండి. ఆనాడు ఆ రైతు నన్ను ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగవలసిన బాధ్యత ఆయనది కాదు, నాది.