గంగమ్మ కోపమా, నీటి వేడిమియా?

జూన్ 14వ తేదీ సాయంకాలమున విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరును చూచినవారికి మతమునకును శాస్త్రమునకును వైరమని చెప్పబుద్ధి పుట్టదు. ఏప్రిల్ 15 మొదలుకొని 61 దినములు మరపడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని శాస్త్రజ్ఞులు చెప్పిన మాటనుబట్టి యేర్పడిన కట్టడి యిది. అది ముగియు రాత్రి పడవలకు క్రొత్త రంగులు, లోపలి అరలలో ఐసు, ముందు కొమ్మున పసుపు కుంకుమలు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టిన చేతితోనే సరంగు సెల్‌ఫోను తీసి గాలివాన కబురు చూచుకొనును.

రెండును చెట్టాపట్టాలు వేసికొని నడచుచున్నవని వ్రాసి కలము క్రింద పెట్టవచ్చును. కాని క్రిందటి సంవత్సరము మాకు ఎదురైన సంగతి యొకటి అట్లు చేయనీయకున్నది.

మావారి తరగతిలోని జాలరి బాలుడొకడు పది దినములు బడికి రాలేదు. విచారింపబోవుచు మావారు మమ్మును వెంటబెట్టుకొని పోయిరి. బాలుడు రేవులో ఐసు బుట్టలు మోయుచుండెను. తండ్రి పోయిన పడవ రెండుమారులు డీజిలు ఖర్చైనను రాక తిరిగివచ్చినదట. సోదె అడుగగా, గంగమ్మకు కోపము వచ్చినది, ఇంటి కోడలు మొక్కు మరచినది, అందువలననే వల ఖాళీ అని తేలినదట. మొక్కు తీర్చుటకు ఆమె వడ్డీకి సొమ్ము తెచ్చెను. ఆ వడ్డీ కొరకు బిడ్డ బుట్ట నెత్తుకొనెను.

“అప్పు పోతే పోనాది మేస్టారమ్మగోరూ. ఏటకెళ్ళినప్పుడు నా మొగం ఎదురు రావద్దంటన్నారు” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

మావారు ముంగిట కూర్చుండి బాలునికి పాఠము చెప్పినట్లే ఇంటివారందరికిని చెప్పిరి. హైదరాబాదులో 1999లో ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రము నెలకొల్పబడినది. ఉపగ్రహములు పైనుండి సముద్రపు వేడిమిని, నీటి పచ్చదనమును కొలుచును. ఆ పచ్చదనము కంటికానని మొక్కలది. వాని కొరకు చిన్న చేపలు, చిన్న వాని కొరకు పెద్దవి చేరును. చల్లని నీరును వెచ్చని నీరును కలియు సరిహద్దులలో ఈ మేత విస్తారము. ఆ తావులను కనిపెట్టి ఆ కేంద్రము జాలరులకు తెలుగులోనే తెలియజేయుచున్నది. పైనీరు మిక్కిలి వేడెక్కినచో పాలమీద మీగడ కట్టినట్లు నిలిచిపోయి, అడుగున నున్న సారమును పైకి రానీయదు. మేత తగ్గును, చేప తావు మార్చును. దీనిలో కోడలి ప్రసక్తి యెక్కడ?

అత్తగారు, అరువదియేండ్లు దాటిన ముసలామె, అంతయు విని, “సరే బాబూ. మరి నీళ్ళు ఏడెక్కించినోళ్ళెవులు?” అనెను.

మావారు ఒక్క క్షణము మాట తోచక నిలిచిరి. మాకు మాత్రము ఆ ముసలామె ప్రశ్న మావారి పాఠముకంటె గొప్పదిగా తోచినది. బొగ్గు, చమురు కాల్చుటచే భూమిపై పేరుకొనిన అధికపు వేడిమిలో నూటికి 90 పాళ్ళకు మించి సముద్రమే మ్రింగుచున్నది. ఒక పడవ ఒక మారు వట్టివలతో వచ్చుటకు ఇదే కారణమని శాస్త్రము చెప్పజాలదు. పడవలు పెరుగుటయు, వల కన్నులు చిన్నవగుటయు గూడ కలవు. అయినను గంగమ్మకు కోపము రాదగిన దోషమే యున్నయెడల అది మనమందరము కలసి చేసినది. ముంగిట ముగ్గు పెట్టు కోడలు ఒక్కతె చేసినది కాదు.

ఆ ముసలామె శాస్త్రము నెరుగని మనిషి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముపై విరుచుకొని పడినప్పుడు, ముందుగా అందిన కబురు నమ్మి మనుమనిని చంకబెట్టుకొని గట్టి మేడకు చేరినది. (హుద్‌హుద్ ఒక పిట్ట పేరు. ఖురానులో సులేమాను ప్రభువునకు వార్త తెచ్చు పిట్ట అది. ఒమాను దేశము సూచించిన పేరు.) తుపాను కబురు నమ్మినామె చేపల కబురేల నమ్మదు? మేము చాలదినము లాలోచించితిమి. తుపాను ఊరందరి మీద వచ్చును గనుక తప్పు మోయుటకు ఒక మనిషి అక్కరలేదు. వట్టివల ఒక యింటికే వచ్చును. “మాకే ఎందుకు?” అను ప్రశ్నకు శాస్త్రము మెల్లగా బదులు చెప్పును, సోదె వెంటనే వ్రేలు చూపును. ఆ వ్రేలు అందరికంటె చేరువలో, అందరికంటె నోరులేక నిలిచియున్న దానివైపు తిరుగును.

జాలరిపేట మాట యెందుకు? ఉక్కు కర్మాగారములో కొలిమి వేడిమిని అంకెలలో కొలుచు పెద్దమనుష్యుల యిండ్లలోనే, మామగారికి జబ్బు చేసినచో “కోడలు అడుగుపెట్టిన వేళ” అను మాట మేము విన్నాము. చదివిన శాస్త్రము గడప దాటి లోపలికి రాలేదు. మన పూర్వులలో వరాహమిహిరుడు 6వ శతాబ్దివాడు. బృహత్సంహితలో మేఘము గర్భము ధరించిన 195 దినములకు వర్షించునని లెక్క కట్టినాడు. ఆ లెక్క నేడు నిలువదు. గ్రహణమునకు రాహువు కారణము కాదనియు ఆయనయే చెప్పినాడు; అది నిలిచినది. ఆ గ్రంథములోనే స్త్రీ ప్రశంసకు ఒక అధ్యాయము కలదు. స్త్రీలకే దోషము లంటగట్టువారిని అందులో గట్టిగా మందలించినాడు. వానలెక్క చెప్పిన చేతితోనే ఆ మాటయు వ్రాసినాడని మా తండ్రిగారు చెప్పి చదివించిరి. పంచాంగము చూచువారు ఆ అధ్యాయము నేల చూడరో!

మేము ఆ యింట గంగమ్మ లేదని చెప్పలేదు. నడిసముద్రమున భర్త యుండగా రాత్రి దీపము పెట్టుకొను ఆడుదాని చేతినుండి ఆ దీపము లాగికొనుటకు మాకు మనసొప్పదు. మావారు ప్రతి నెల యింటికి పోయి మాటాడుచుండిరి. బాలుడు మరల బడికి వచ్చుటకు రెండు మాసములు పట్టినది. అప్పు ఇంకను తీరలేదు.

ఈ యేడు జూన్ 14న మరల రేవునకు పోయితిమి. పడవ కొమ్మునకు పసుపు రాయుచున్నది కోడలే. ముసలామె ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, “ఒరే, గాలి ఎటేపంటన్నాదిరా, మల్లీ సదువు” అని మనుమని చేత ఫోనులోని కబురు రెండవమారు చదివించుకొనుచుండెను.