కోత కూలిపని కాదండీ!

నేను శనివారాలు గరాజులో అచ్చుబొమ్మలు వేసుకుంటానని తెలిసిన మిత్రులు ఇచ్చే సలహా ఒకటే. "కోసిన ప్లేట్లే అమ్ముతారు కదా, నీకెందుకా తలనొప్పి? బొమ్మ గీయడం కళ, రేకు కోయడం కూలిపని." ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు. డిజైను చేసేవాడు గొప్ప, చేత్తో చేసేవాడు తక్కువ! మన సాఫ్ట్‌వేరు బుర్రలకి పట్టిన జబ్బిది.

నేను వాడేది ఉక్కు రేకు మీద ఫొటోపాలిమర్ పూత ఉన్న ప్లేటు. 1970లలో డాన్ వెల్డన్ అనే అమెరికన్ చిత్రకారుడు సోలార్‌ప్లేట్ పేరుతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. యాసిడ్ అక్కర్లేదు కాబట్టే ఇంట్లో చేసుకోగలుగుతున్నాం. అతినీలలోహిత కాంతి తగిలినచోట పూత గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్ళతో కడిగితే పోతుంది. బొమ్మ ఉన్న ఫిల్ము ప్లేటుకి అతుక్కుని ఉంటేనే గీత స్పష్టంగా దిగుతుంది.

మామూలు రేకు కత్తెరతో కోశారనుకోండి, అంచు మెలితిరుగుతుంది. అక్కడ ఫిల్ము పైకి లేస్తుంది, సందులోంచి వెలుగు దూరుతుంది, గీత అలుక్కుపోతుంది. ఇప్పుడు చెప్పండి, కోత బొమ్మలో భాగమా, కాదా?

అందుకే బల్లకి బిగించిన మీట కత్తెర కావాలి. ప్లేటుకి ఎండ తగలకుండా, పసుపు బల్బు వెలుగులో కోయాలి. తరవాత అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా రుద్దాలి. లేకపోతే ప్రెస్సు ఒత్తిడికి తడి కాగితం చిరుగుతుంది, దాని మీద వేసే ఖరీదైన ఫెల్టు కూడా తెగుతుంది. పైగా ఆ అంచే కాగితం మీద దిగి బొమ్మకి చట్రంలా నిలుస్తుంది. అంచు వంకరైతే చూసేవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

"వేళ్ళు తెగుతాయేమో" అంటే అది న్యాయమైన భయమే. తోలు చేతితొడుగులు, కళ్ళకి అద్దాలు లేకుండా రేకు ముట్టుకోకూడదు. కానీ ఆ భయం పేరు చెప్పి పనినే చిన్నచూపు చూడటం ఏం న్యాయం?

ఇక కోసి అమ్మే ప్లేట్ల సంగతి. ఆ సైజులు నాలుగో అయిదో ఉంటాయి. నాకు నిలువుగా, సన్నగా తాటిచెట్టు వెయ్యాలనుంటే ఏం చెయ్యను? ప్లేటు కోసం చెట్టుని పొట్టి చెయ్యనా? కొలత ఇంకొకరికి వదిలేస్తే బొమ్మలో సగం వాళ్ళకి వదిలేసినట్టే.

ఓపిక లేకపోతే హాయిగా కొనుక్కోండి, ఎవరూ తప్పు పట్టరు. కూలిపని అని మాత్రం తీసిపారెయ్యకండి. అసలు, కూలిపనికి ఏం తక్కువండీ?