మొదటి ముక్క ఎవరికి?

డిసెంబరు మొదటి వారం నుంచే మన సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. వేదిక మీద పెద్ద కేకు, చుట్టూ శాలువాలు కప్పుకున్న పెద్దలు, నాయకుడి చేతిలో కత్తి. ఫొటో అయ్యాక మొదటి ముక్క ఆయన నోటికే. ఆ కేకు ఎవరు చేశారో, ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని చేశారో మనం అడగం.

అలహాబాదు క్రైస్తవులది వేరే పద్ధతి. ఇళ్లలో ఓవెన్లు లేని కాలంలో పుట్టిన అలవాటు అది. క్రిస్మస్ ముందు మైదా, గుడ్లు, నెయ్యి, చక్కెర, బూడిద గుమ్మడి పేటా, నారింజ మార్మలేడు, శొంఠి, సోంపు, జాజికాయ అన్నీ సంచుల్లో సర్దుకుని కుటుంబమంతా బేకరీకి వెళ్తుంది. పనివాళ్లు కలుపుతుంటే ఇంటివాళ్లు పక్కనే నిలబడి ‘ఇంకొంచెం నెయ్యి’ అంటూ పురమాయిస్తారు. బేకరీ యజమాని ముస్లిం కావచ్చు, పిండి కలిపే మనిషి హిందువు కావచ్చు. పండుగ మనది, పొయ్యి అందరిదీ.

ఈ పద్ధతిని మనం ఉన్న ఊళ్లలో సంఘం తరఫున కేకు పండుగగా మళ్లీ మొదలుపెట్టాలని మా కోరిక. బెంగళూరు, కోలారు బంగారు గనులు, ముంబయి, బరంపురం, యానాం... తరాలుగా తెలుగువాళ్లం ఉన్న ఈ చోట్ల పాత బేకరీలు ఇంకా ఉన్నాయి. ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. ముంబయిలో కట్టెలు, బొగ్గుతో నడిచే బేకరీలు గ్యాసుకో విద్యుత్తుకో మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఆ పొగ ముందుగా చేరేది పొయ్యి ముందు నిలబడ్డవాడి ఊపిరితిత్తుల్లోకే కాబట్టి ఆదేశాన్ని తప్పుపట్టలేం. కానీ కొత్త ఓవెన్ కొనే స్తోమత లేక చిన్న బేకరీ మూతపడితే రోడ్డున పడేవాడూ అతనే. అలాంటి చోటికి ఒక సంఘం వంద కేకుల పని తీసుకెళ్తే అది దానం కాదు, బేరం.

కేకు మనది కాదు, దొరలది అనేవాళ్లున్నారు. తలస్సేరిలో మంబల్లి బాపు 1883లో క్రిస్మస్ కేకు చేసిన కథ కేరళలో అందరికీ తెలిసిందే. నమూనాగా ఒక తోటల దొర ఇంగ్లండు కేకు ముక్క ఇస్తే, బాపు తనకు దొరికిన సరుకులతో తన చేతివాటం చూపాడు. మన అమ్మలు మాత్రం తక్కువా? గిన్నెలో ఇసుక పోసి, దానిమీద ఇంకో గిన్నె పెట్టి, అరిసెలు, గులాబీ పువ్వుల పక్కన కేకును కూడా నిలబెట్టారు.

ఆ పళ్లెం పక్కింటికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. అరటిపండ్లు తీసుకుని, కేకు మాత్రం ‘గుడ్డు ఉంటుంది కదమ్మా’ అని తిప్పి పంపే ఇళ్లు ఉన్నాయి. నిజంగా గుడ్డు తినని ఇంటిని ఏమీ అనలేం. వాళ్లకు గుడ్డు లేని కేకు చేసి పంపుదాం. బయట బిర్యానీ తింటూ మన వంట దగ్గర మాత్రం గుడ్డు గుర్తొచ్చే ఇల్లు వేరు. మన సంఘాల్లోనూ ఎవరి వంట ఎవరు తింటారన్న లెక్క పూర్తిగా పోలేదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే వెనక్కి జరిగాడు. పౌలు ఆయన్ను అందరి ముందే నిలదీశాడు. తినే బల్ల దగ్గర చూపే వివక్షను పౌలు చిన్న విషయంగా చూడలేదు. అందుకే పిండి అందరి చేతులతో ఒకే పళ్లెంలో కలపాలి. పేర్లు రాసిన విడివిడి డబ్బాలు వద్దు.

ఇక పని సంగతి. డిసెంబరు 20 దాటితే ఏ బేకరీకీ ఊపిరాడదు. రెండో వారంలోనే, వాళ్లకు వీలైన రాత్రి అడగండి. పండ్లు, నెయ్యి బాగా పడ్డ కేకు క్రిస్మస్ దాకా చెడదు. రాత్రిపని కూలి ముందే మాట్లాడుకుని పనివాళ్ల చేతికే ఇవ్వండి. ‘దేవుని పని’ అని తగ్గించమనకండి. కత్తి కూడా ఆ రాత్రే, అక్కడే, వాళ్లలో పెద్దాయన చేతికివ్వండి. నాయకులు వస్తే రానివ్వండి, వరుసలో నిలబడతారు.

ఆగమన కాలానికి ముందు ఆదివారం పుడ్డింగు కలపడం ఆంగ్లికన్ ఇళ్లలో పాత ఆచారం. మనం ఆ రోజు ఆరాధన అయ్యాక పండ్లు నానబెడదాం, రమ్ములో కాదు, నారింజ రసంలో. యూత్ వాళ్లు ఈలోగా మీ వీధి బేకరీకి వెళ్లి, ఓవెన్‌లో ఒక విడతకు ఎన్ని ట్రేలు పడతాయో అడిగి రండి.