కంప్యూటర్‌కి నోరుంది, మాట్లాడనివ్వరేం?

పరీక్షలు కంప్యూటర్ మీదికి వచ్చేశాయి. జేఈఈ మెయిన్ 2019 నుంచి అలాగే జరుగుతోంది. మరి చూపులేని పిల్ల సంగతేమిటి? రాసిపెట్టే మనిషిని ఇస్తాం, మూడు గంటల పరీక్షకి మరో గంట ఇస్తాం అంటారు. మంచిదే. కానీ తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది కదా! అది పెడితే, ప్రశ్నని మళ్లీ చదవమని ఎవర్నీ బతిమాలకుండా తనే వింటుంది. ఆడపిల్లకి ఆ ధైర్యం చిన్నదా? బొమ్మలకీ, పట్టికలకీ మాటల్లో వివరణ ఉండాలి. ముందురోజే కంప్యూటర్‌ని సరిచూసుకోనివ్వాలని 2018లోనే కేంద్రం మార్గదర్శకాల్లో చెప్పింది. ఈ సంగతి ఎందరు తల్లులకి తెలుసు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇప్పుడా అమ్మే వెళ్లి అడగాలి. దరఖాస్తు పెట్టేనాడే అడగాలి.