స్త్రీలు - చట్టములు: పని యొకరిది, పత్రము మఱియొకరిది



దూరదేశపు కొలువన్న పూర్వము ఓడ యెక్కుటయే. నేడట్లు గాదు. కాకినాడలోనో కరీంనగరులోనో తన యింటి గదిలో కూర్చుండి, కంప్యూటరు మీద అమెరికా సంస్థకో జర్మనీ సంస్థకో పని చేయు ఆడుపడుచులు మనలో గలరు. పిల్లకు కొలువు కుదిరినదని విన్నంతనే మనము “జీతమెంత?” అని యడుగుదుము. అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. “యజమాని యెవరు?”

పని చెప్పువారే యజమాని గదా యని మీరనవచ్చును. చట్టము దృష్టిలో ఎల్లప్పుడు నట్లు గాదు. విదేశపు సంస్థ మన దేశమున నేరుగా ఉద్యోగులను బెట్టుకొనవలెనన్న ఇక్కడ నమోదు కావలెను. భవిష్యనిధి, ఆదాయపు పన్ను మున్నగువాని లెక్కలన్నియు నడుపవలెను. ఒకరిద్దరి కొఱకు ఇంత శ్రమ యేల యని, ఇక్కడ నమోదైన వేఱొక సంస్థను నడుమ నిలుపుకొందురు. పిల్లను ఎన్నుకొనునది, పని యొప్పగించునది విదేశపు సంస్థ. నియామకపత్రము వ్రాసి యిచ్చునది, రూపాయలలో జీత మిచ్చునది, పన్ను మినహాయించి సర్కారునకు చెల్లించునది నడిమి సంస్థ. ఆ వ్యయమును, దానిపై తన రుసుమును అది విదేశపు సంస్థనుండి రాబట్టుకొనును. దీనిని వ్యాపారలోకమున ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ అందురు. మనము పత్రయజమాని యనుకొందము.

ఇందు మోస మేమియు లేదు. పైపెచ్చు వేఱొక పద్ధతికంటె నిది మేలు. కొన్ని సంస్థలు పిల్లను ఉద్యోగిగా గాక స్వతంత్ర గుత్తదారుగా వ్రాసికొనును. అప్పుడు చేతికి వచ్చు సొమ్ము హెచ్చుగా గనబడును. కాని భవిష్యనిధి లేదు, గ్రాట్యుటీ లేదు, జీతముతోడి ప్రసూతి సెలవు లేదు. పన్ను కూడ తానే లెక్కకట్టి చెల్లించుకొనవలెను. పత్రయజమాని యున్నచో ఆమె మన దేశపు చట్టము క్రింది ఉద్యోగిని. తగవు వచ్చినను విదేశపు న్యాయస్థానముల దారి వెదుక నక్కఱలేక, ఇక్కడి కార్మికశాఖ నాశ్రయింపవచ్చును.

అయినను ఇందొక మెలిక గలదు. దానిని చక్కగా గ్రహింపుడు.

మన ప్రసూతి చట్టము 1961లో పుట్టినది. 2017 నాటి సవరణచే, ఇద్దఱు బిడ్డలు లేని తల్లికి జీతముతోడి సెలవు 26 వారములైనది. 2025 నవంబరు 21వ తేదినుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి యందును ఈ నియమమే నిలిచినది. అయితే, కాన్పు కాగల తేదికి ముందటి 12 నెలలలో కనీసము 80 దినములు, ఏ యజమానిని సెలవుజీత మడుగుచున్నదో ఆ యజమాని యొద్దనే పని చేసి యుండవలెను.

ఒక కోడలు మూడేండ్లుగా ఒకే విదేశపు సంస్థకు పని చేయుచున్న దనుకొందము. రుసుము తక్కువని ఆ సంస్థ పత్రయజమానిని మార్చినది. అదే పని, అదే జీతము. క్రొత్త పత్రముపై సంతకము చేయుమనిరి, చేసినది. రెండు నెలలకు కాన్పు వచ్చినది. పాతవారు “నీవు మా యొద్ద లేవు” అందురు. క్రొత్తవారు “నీకు 80 దినములు నిండలేదు” అందురు. ఆమె రెంటికి జెడిన రేవడి యగును. గ్రాట్యుటీ సంగతియు నిట్టిదే. అది సంవత్సరమునకు 15 దినముల జీతము చొప్పున లెక్కింపబడును. సామాన్యముగా ఐదేండ్ల సేవ కావలెను. నియతకాల ఉద్యోగులకు క్రొత్త స్మృతి ప్రకార మొక్క యేడు చాలును. యజమాని మారినచో ఆ లెక్క మరల మొదటికి రావచ్చును. భవిష్యనిధి సంఖ్య యొక్కటియే ఏ కొలువునకు మారినను మనతో వచ్చును.

కావున సంతకమునకు ముందు ఈ నాలుగు విషయములు విచారింపుడు.

మొదటిది: పత్రమున ‘ఉద్యోగి’ యని యున్నదా, ‘గుత్తదారు’ అని యున్నదా?

రెండవది: విదేశపు సంస్థ పని చాలించినచో, ఎన్ని దినముల ముందు తెలుపవలెను? ఆ దినముల జీత మెవ రిత్తురు?

మూడవది: పత్రయజమాని మారునెడల, పూర్వపు సేవాకాలమును ప్రసూతి సెలవునకును గ్రాట్యుటీకిని కలిపి లెక్కింతుమని క్రొత్తవారు వ్రాసి యిత్తురా? నోటిమాట చాలదు.

నాలుగవది: భవిష్యనిధి కంతు ప్రతినెలయు పడుచున్నదా? సామాన్యముగా జీతమున నూటికి 12 పనివారిది, మఱి 12 యజమానిది. పాసుపుస్తకమును కంప్యూటరులోనే చూచుకొనవచ్చును.

ఇవి యడుగుట అమర్యాద యని సంకోచింపకుడు. గర్భవతియైన పిల్లకు సెలవుజీత మిచ్చుటకు వెనుదీయు పత్రయజమాని “విదేశమువారు మాకు సొమ్ము పంపలేదు” అనవచ్చును. అది వారిరువురి లెక్క. ఆమెకు పత్ర మిచ్చినవారే ఆమెకు బాధ్యులు. ప్రసూతి సెలవులో నున్నదాని నుద్యోగమునుండి తొలగించుట చట్టవిరుద్ధము.

ఇంటి దస్తావేజులను భద్రపఱచు పెట్టెలోనే కుమార్తె నియామకపత్రమును, జీతపు చీటీలను కూడ నుంచుడు. తేదీలు తప్పక చూచుకొనుడు.