నడిచే బొమ్మ నేర్పే పాఠం

మనిషివలె నడిచే యంత్రాన్ని నిర్మించడం మిక్కిలి వ్యయంతో కూడిన పని. 2000లో జపాన్‌కు చెందిన హోండా సంస్థ ఆవిష్కరించిన ‘అసిమో’ రోబోకు ఇరవైకి పైగా కీళ్లు. వాటిని కదిలించడానికి మోటార్లు, అదుపు చేయడానికి కంప్యూటర్లు కావలసి వచ్చాయి. 2004లో మార్క్ టిల్డెన్ రూపొందించిన ‘రోబోసేపియన్’ బొమ్మకు ఏడు మోటార్లే చాలాయి. అప్పట్లో దాని ధర సుమారు వంద డాలర్లు. నడుము ఒక పక్కకు ఒరగగానే బరువంతా ఆ కాలిపై పడుతుంది. తేలికైన రెండవ కాలు ముందుకు సాగుతుంది. ఊగే లోలకంవలె శరీరమే సగం పని చేస్తుంది. అందువల్లనే ధర తగ్గింది.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. ధర్మవరం సమీపాన గల నిమ్మలకుంటలో కళాకారులు తోలుబొమ్మ అవయవాలను విడివిడిగా కత్తిరించి, కీళ్ల వద్ద దారంతో వదులుగా కడతారు. నడుమ బద్దను, చేతి పుల్లలను ఆడిస్తే వేలాడే కాళ్లు వాటంతట అవే ఊగుతాయి. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

కళ వేరు, శాస్త్రం వేరు అని కొందరు వాదిస్తారు. ఆ వాదం సరికాదు. ఓబులదేవరచెరువు వంటి గ్రామంలోని విద్యార్థికి వంద డాలర్ల బొమ్మ కూడా అందని పండే. అట్టముక్క, దారం, వెదురుపుల్ల, చిన్న మోటారు మాత్రం అందుబాటులోనివే. కనుక తోలుబొమ్మల కళాకారుని విజ్ఞానశాస్త్ర తరగతికి ఆహ్వానించాలి; కదిలే బొమ్మలను పిల్లలచేతనే చేయించాలి. కొన్న బొమ్మ పడిపోతే పిల్లవాడు దానిని లేవనెత్తుతాడు. తాను చేసిన బొమ్మ పడిపోతే, ఎందుకు పడిందని ఆలోచిస్తాడు. విద్య ఆ ప్రశ్నతోనే ఆరంభమవుతుంది.