మూసలో తప్పు, మగ్గానికి శిక్ష

న్యూఢిల్లీ:

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వాకూ, ఢిల్లీ సచివాలయాలలోని కంప్యూటర్లకూ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చు. సంబంధం లేకపోలేదు. పాలియెస్టరు నూలు, మరమగ్గాల గుడ్డ ఆ ప్రాంతపు జీవనాధారాలు. పొట్ట చేతపట్టుకొని తెలంగాణ జిల్లాలనుంచి తరలిపోయిన పద్మశాలీలు సూరత్ పరిసరాలలో తరాలుగా స్థిరపడి ఉన్నారు. ఆ మధ్య అటు వెళ్ళినప్పుడు ఒక మగ్గాల షెడ్డులో తెలుగు మేస్త్రీ ఒకరు నాకు పాత జకార్డు అట్టలు చూపించారు. అట్టలో ఒక్క చిల్లు తప్పుపడితే ఆ తప్పు ఒక చీరతో పోదనీ, మగ్గం ఆపేదాకా ప్రతి చీరలోనూ అదే చోట పడుతూనే ఉంటుందనీ ఆయన వివరించారు. క్లౌడ్ కంప్యూటర్ల వ్యవహారం పరిశీలిస్తున్నంతసేపూ ఆ మాటే నా మనస్సులో మెదిలింది.

నేడు పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో ఒక్కొక్క యంత్రాన్ని మనిషి కూర్చుని అమర్చడంలేదు. ఎన్ని యంత్రాలు కావాలి, వాటి సామర్థ్యమెంత, ఏ ద్వారం తెరవాలి, ఏది మూయాలి అన్నదంతా ఒక మూసపత్రంలో వ్రాస్తారు. దానిని చదివి క్లౌడ్ తానే యంత్రాలను నిలబెడుతుంది. అమెజాన్ 2011లో క్లౌడ్‌ఫార్మేషన్‌నూ, హాషికార్ప్ 2014లో టెర్రాఫార్మ్‌నూ ప్రవేశపెట్టిన తరువాత ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. మూసలోని ఖాళీలు నింపడం, పాత కూర్పు తీసి కొత్తది ఎక్కించడం కూడా ఇప్పుడు యంత్రానికే అప్పగిస్తున్నారు. ఇందువల్ల మేలు లేదని ఎవరూ అనలేరు. చేతితో అమర్చిన నూరు యంత్రాలలో ఏ రెండూ ఒక్కతీరున ఉండవు. భద్రతాలోపాన్ని పూడ్చవలసిన సవరణ చేతిపనికోసం నెలలతరబడి వేచి ఉంటే, దొంగకు ఆ వ్యవధి చాలు.

అయితే వేగం మంచికెంతో చెడుకూ అంతే. ఆస్ట్రేలియాలో ఆరు లక్షలకు పైగా సభ్యులున్న యూనిసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో యంత్రాలను అమర్చినప్పుడు ఒక గడి ఖాళీగా వదిలివేశారు. ఖాళీ అంటే ఒక్క సంవత్సరపు గడువని యంత్రం అర్థం చేసుకొన్నది. గడువు తీరగానే, 2024 మేలో, ఆ నిధి ప్రైవేట్ క్లౌడ్‌ను అది తుడిచివేసింది. నిధివారు వేరొక సంస్థ వద్ద కూడా నకళ్ళు దాచుకొని ఉండటం వారికి అక్కరకు వచ్చింది. అదే సంవత్సరం జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన అమరిక సవరణతో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. మూస 21 గడులు కోరగా ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికుల చేతికి కలంతో వ్రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్‌లో రెండు స్వయంచాలక ప్రక్రియలు ఒకదానిపై ఒకటి పడి చిరునామాల పట్టికలో ఒక పద్దును ఖాళీ చేశాయి. దానిని సరిచేయడానికి చివరకు మనుషులే దిగవలసి వచ్చింది.

ఈ మూడింటిలోనూ శత్రువు చొరబడలేదు. తప్పు ఇంటిలోనే పుట్టింది.

ఇక మన సంగతి. కేంద్ర ప్రభుత్వపు మేఘరాజ్ పథకం కింద జాతీయ క్లౌడ్ 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. నాటినుంచి ప్రభుత్వ సేవలు ఒకటొకటిగా క్లౌడ్‌కు తరలుతున్నాయి. అదే కాలంలో పౌరుని బతుకు తెరువు వాటితో ముడిపడింది. 2018 ఫిబ్రవరి 1న ఈ-వే బిల్లు అమలు మొదలుపెట్టిన రోజే సాంకేతిక చిక్కులవల్ల వాయిదా పడి, ఏప్రిల్ 1న రాష్ట్రాల మధ్య రవాణాకు అమలులోకి వచ్చిన వైనం వర్తకులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆనాటి చిక్కుకు మూసలే కారణమని నేననను. కాని పోర్టల్ ఆగితే లారీ ఆగుతుందని ఆనాడే తేలింది. జోల్వానుంచి హైదరాబాదుకు గుడ్డ పంపాలంటే, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బిల్లు ఉండి తీరాలి. సరుకు కదలకపోతే గిడ్డంగి నిండుతుంది. గిడ్డంగి నిండితే మగ్గం ఆగుతుంది. మీటరు లెక్కన కూలి తీసుకొనే నేతగానికి ఆగిన మగ్గమంటే పోయిన కూలి.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు సైబర్ ఘటనలను 6 గంటలలోగా నివేదించాలనీ, లాగులను 180 రోజులు భద్రపరచాలనీ నిర్దేశించాయి. మంచిదే. అయితే ఆ ఆదేశాల చూపు ప్రధానంగా దాడులపైనా, చొరబాట్లపైనా, సమాచార చౌర్యంపైనా ఉన్నది. తమ మూసలో తామే చేసిన తప్పువల్ల ప్రజాసేవ స్తంభించినప్పుడు ప్రజలకు సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి? క్రౌడ్‌స్ట్రైక్, గూగుల్, అమెజాన్ తమ తప్పులు ఎక్కడ జరిగాయో వ్రాసి ప్రకటించాయి. అది వ్యాపార సంస్థలకు సాధ్యమైనప్పుడు ప్రభుత్వ శాఖలకు అసాధ్యం కారాదు.

చేయవలసినవి కొత్తవేమీ కావు. మూసలో ఏ ఖాళీనీ యంత్రం ఊహకు వదలరాదు. సవరణను ముందు కొద్ది యంత్రాలపై నడిపి, ఫలితం చూసి, తరువాతనే మిగిలినవాటికి పంపాలి. వెనుకకు మళ్ళే దారి సిద్ధంగా ఉంచాలి. తుడిచివేసే ఆజ్ఞకు మనిషి సంతకం ఉండాలి. నకలు వేరొక చోట ఉండాలి. ప్రభుత్వం క్లౌడ్ సేవలు కొనేటప్పుడు ఒప్పందంలోనే ఈ షరతులు వ్రాసుకోవచ్చు.

నాకు అట్టలు చూపించిన మేస్త్రీ కొత్త అట్టలు వచ్చినప్పుడు అన్ని మగ్గాలకూ ఒకేసారి ఎక్కించరట. ముందు ఒక్క మగ్గంపై మూరెడు గుడ్డ నేసి, వెలుతురుకు పట్టి చూస్తారట. ఢిల్లీలోని పెద్దలు ఆ మూరెడు గుడ్డ నేసేపాటి ఓపిక అలవరచుకొంటే చాలు.